నాలుగు గంటల నీడ

ఆ వేసవిలో మున్సిపాలిటీవాళ్ళు రోజు విడిచి రోజు నీళ్ళు వదిలేవారు, అదీ గంటసేపు. గొట్టం పెట్టి లాన్ తడిపితే కనెక్షన్ కోసేస్తామని గేటు గేటుకీ కాగితం అంటించి వెళ్ళారు. మా గేటుకి అంటించిన రోజు సాయంత్రం, పని నుంచి వస్తూ అక్కడే నిలబడి మా లాన్‌ని చాలాకాలం తర్వాత సరిగ్గా చూశాను. మూడొంతులు ఎండి గోధుమరంగుకి తిరిగింది. ఒక్క మూల మాత్రం, ముందుగది కిటికీ ఎదురుగా, రెండు మంచాలంత మేర పచ్చగా ఉంది. మా అత్తగారు అక్కడ వంగి, స్నానం చేస్తూ పట్టుకున్న నీళ్ళని బకెట్లోంచి మగ్గుతో కొద్దికొద్దిగా చల్లుతున్నారు.

ఆ గడ్డి మా ఆయన వేసింది. ఆయన ఇల్లు వదిలి వెళ్ళి అప్పటికి ఏడాదిన్నర. వేరే ఊళ్ళో, వేరే మనిషితో ఉంటున్నారు. వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మతో, "కొన్నాళ్ళు ఇక్కడే ఉండమ్మా, నేను సర్దుకున్నాక తీసుకెళ్తాను" అన్నారు. నాతో ఏమీ అనలేదు. ఆ కొన్నాళ్ళు ఇంకా పూర్తికాలేదన్నట్టు ఆవిడ ఉండిపోయారు. నేను పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు.

నేను పళ్ళ ల్యాబులో పనిచేస్తాను. డాక్టర్లు అచ్చు తీసి పంపితే కట్టుడుపళ్ళు తయారుచేస్తాం. ఊళ్ళో చాలామంది నా పళ్ళతోనే నవ్వుతారు. మా అత్తగారివీ నేను చేసినవే. కాబట్టి ఆవిడ నా మీద పళ్ళు నూరినా నూరేది నా పళ్ళే. ఇరవై రెండేళ్ళలో ఆవిడ అంతదాకా రాలేదు. కోపం వస్తే మాట్లాడడం మానేసేవారు. కోపం లేనప్పుడూ పెద్దగా మాట్లాడేవారు కాదు కనుక నాకు తేడా తెలిసేది కాదు.

ల్యాబులో ప్లాస్టర్ కలిపే ఆవిడ చెప్పింది. ఊరి చివర ఒక నర్సరీ ఉందట. ఈ నేలలో తమంతట తాము పెరిగే మొక్కలే అమ్ముతారట. ఒకసారి నిలదొక్కుకున్నాయంటే మన నీళ్ళ కోసం చూడవట. ఆ ఆదివారమే వెళ్ళాను. నర్సరీ నడిపే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. అటవీశాఖ విత్తనాల గోదాములో ముప్ఫై ఏళ్ళు పనిచేసి వచ్చిందట. అందరూ ఆవిణ్ణి కాగితం మేడమ్ అంటారు. ఎందుకో ఐదు నిమిషాల్లో తెలిసింది.

"ఏం మొక్కలున్నాయండీ?" అని అడిగాను.

"మొక్కలకేం, బోలెడున్నాయి. మీ జాగా కాగితం ఏది?"

"కాగితమేంటండీ?"

ఆవిడ గళ్ళ కాగితం ఒకటి చింపి ఇచ్చింది. "ఇంటి ముందు ఎంతుందో కొలిచి దీని మీద గీయండి. గడికి ఒక అడుగు. పొద్దున్న ఎనిమిదింటికి నీడ ఎక్కడిదాకా ఉందో, పన్నెండింటికి ఎక్కడుందో, సాయంత్రం నాలుగింటికి ఎక్కడుందో గుర్తుపెట్టండి. పది రోజులు చూడాలి, ఒక్కరోజు చూసి వచ్చేయకండి. అక్కడ ఎవరు కూర్చుంటారు, ఏ వేళప్పుడు కూర్చుంటారు, అదీ రాయండి. అప్పుడు చెప్తాను ఏ మొక్కో."

"నాలుగు మొక్కలిచ్చేయండి, నేనే ఎక్కడో ఒకచోట పెట్టుకుంటాను."

"ఎక్కడో ఒకచోట పెట్టి చంపినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తున్నారు నా దగ్గరికి. వీటికి నీళ్ళు తక్కువైనా ఫర్వాలేదు. చోటు తప్పితేనే కష్టం."

ఇంటికొచ్చి టేపు తీశాను. టేపుకి రెండో చివర ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఇంట్లో ఉన్నది ఇద్దరమే.

"అత్తయ్యా, ఒక్క నిమిషం ఇది పట్టుకుంటారా?"

"దేనికి?"

"ముందు జాగా కొలుస్తున్నాను. గడ్డి తీసేసి వేరే మొక్కలు వేద్దామని."

ఆవిడ చెయ్యి చాపలేదు. "గడ్డెందుకు తియ్యడం?"

"ఎండిపోయింది కదండీ."

"అదెండలేదు." కిటికీ ఎదురుగా ఉన్న పచ్చటి ముక్క చూపించారు. "వాడు మోకాళ్ళ మీద కూచుని పరిచాడు, మూడు రోజులు. నువ్వు పనికెళ్ళావు, నేను చూశాను. వచ్చినప్పుడు మన్ను కనబడితే ఏమనుకుంటాడు?"

వచ్చినప్పుడు అన్నారు. వస్తే అనలేదు. నేను టేపు చివర ఒక ఇటుక కింద పెట్టి ఒక్కదాన్నే కొలుచుకున్నాను. ఆ రెండు మంచాల మేరని కాగితం మీద ఖాళీగా వదిలి, దాంట్లో "గడ్డి - అత్తయ్యది" అని రాసి, కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

ఎనిమిదింటి నీడ నేనే చూడగలను. పన్నెండింటికి, నాలుగింటికి నేను ల్యాబులో మైనం కరిగిస్తూ ఉంటాను. పది ఆదివారాలు చూడాలంటే వానలు కూడా వచ్చి పోతాయి. ఇక ఈ పని తెమలదులే అనుకున్నాను. సోమవారం సాయంత్రం వచ్చేసరికి, ఎండిన గడ్డి మీద రెండు వరసలుగా పెంకుముక్కలు పేర్చి ఉన్నాయి.

"ఇవేంటండీ?"

"తెల్లవి పన్నెండుది. ఎర్రవి నాలుగుది" అని అత్తగారు తన గదిలోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పెంకుముక్కలు మానేసి, చింపిన క్యాలెండరు కాగితాల వెనక రాయడం మొదలుపెట్టారు. ఆవిడ చేతిరాత నేనెప్పుడూ చూసి ఉండలేదు. గుండ్రంగా, చిన్నపిల్లలు రాసినట్టు విడివిడిగా ఉంటుంది. "పన్నెండు. గోడ పక్కన రెండడుగులు." "నాలుగు. పక్కింటివాళ్ళ ట్యాంకు నీడ కిటికీ కిందికి వచ్చింది. గేటు దగ్గర ఎండే." "మబ్బు. నీడ లేదు." రోజూ సాయంత్రం ఫ్రిజ్ మీద కొత్త చీటీ ఉండేది. నేను దాన్ని చూసి గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టేదాన్ని. దాని గురించి ఇద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. గడ్డి మీద ఆవిడ పట్టు వదల్లేదు, మగ్గు నీళ్ళూ మానలేదు. మరి ఇదెందుకు చేస్తున్నారో అడగాలని ఉండేది. అడిగితే మానేస్తారేమోనని ఊరుకున్నాను.

ఎవరు కూర్చుంటారు అన్న దగ్గర నేనేమీ రాయలేదు. రెండుసార్లు పెన్సిలు పట్టుకుని ఆగిపోయాను. పదో రోజు చూస్తే అక్కడ ఆవిడ చేతిరాత ఉంది. "నాలుగింటికి ఒకళ్ళు. ఏడింటికి ఒకళ్ళు."

నిజమే. ఆవిడ నాలుగింటికి గడప మీద కూర్చునేవారు. నేను పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఏడింటికి అదే గడప మీద కూర్చునేదాన్ని. నేను వచ్చే వేళకి ఆవిడ లేచి లోపలికి వెళ్ళేవారు.

కాగితం మేడమ్ ఆ చీటీలన్నీ శ్రద్ధగా చదివింది. "ఇలా రాసుకొచ్చినవాళ్ళు ఇంకొకళ్ళు లేరు" అంది. తర్వాత కళ్ళజోడు పైకి జరుపుకుని, "ఈ ఇద్దరూ ఒకేసారి కూర్చోరా?" అని అడిగింది.

"వేళలు కుదరవండీ."

"ఈ ఖాళీ ముక్క?"

"గడ్డి. అలాగే ఉంచాలి."

ఆవిడ నా మొహం కేసి చూసి, మిగతా గళ్ళలో మొక్కల పేర్లు రాసి ఇచ్చింది. వానలు మొదలయ్యాకే నాటాలని చెప్పి పంపింది.

వేసవి చివర్లో, నాకు సెలవైన ఒక మధ్యాహ్నం, ఆయన వచ్చారు. బీరువాలో ఉండిపోయిన సర్వీసు కాగితాలు కావాలని ముందురోజు ఫోన్ చేశారు. అత్తగారు పొద్దుటి నుంచి గడ్డి దగ్గరే ఉన్నారు. స్నానం నీళ్ళు చాలక తాగే నీళ్ళ బిందెలోంచి ముంచుకెళ్ళడం చూసి కూడా నేను చూడనట్టే ఉన్నాను.

ఆయన గేటు తీసుకుని ఎండిన లాన్ మీదుగా అడ్డంగా నడిచి వచ్చారు. బూట్ల కింద గడ్డి కరకరమంది. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నారు, కొంచెం చిక్కారు. "బాగున్నావా" అని నన్నే అడిగారు. బాగున్నానన్నాను. కాగితాల కవరు అందుకుని, కూర్చోకుండానే ఒక్కొక్కటీ తీసి చూసుకుంటున్నారు. అత్తగారు కిటికీ దగ్గర నిలబడ్డారు.

"గడ్డి చూశావా?" అన్నారు.

"ఏ గడ్డమ్మా?"

"నువ్వేసిందే. నీళ్ళు లేకపోయినా ఈ మూల నిలబెట్టాను."

ఆయన కిటికీలోంచి తొంగి చూశారు. "ఇంకా ఉంచారా దాన్ని? ఇల్లు అమ్మేద్దామనుకున్నప్పుడు వేసింది కదా అది. కొనడానికొచ్చేవాళ్ళకి ఇంటి ముందు పచ్చగా కనబడాలని బ్రోకరు చెప్తే వేశాను."

"ఎప్పుడు అమ్మేద్దామనుకున్నావు?"

"అప్పుడేలే. కుదరలేదు." ఆయన మళ్ళీ కాగితాల్లోకి వెళ్ళిపోయారు.

ఆ సంగతి నాకూ తెలియదు. ఆ గడ్డి వేసి ఆరేళ్ళయింది. ఆ ఏడే ఇంటికి రంగులు కూడా వేయించారు. ఏ రంగు కావాలని నన్నడిగితే రెండు రోజులు ఆలోచించి మరీ చెప్పాను.

"టీ తాగుతావా?" అని అడిగారు అత్తగారు.

"వద్దమ్మా, బస్సుకి టైమైపోతోంది."

గేటు దాకా నేను వెళ్ళాను. ఆయన గొంతు తగ్గించి, "అమ్మని ఇంకొన్నాళ్ళు..." అన్నారు. ఫర్వాలేదన్నాను. తిరిగి వచ్చేసరికి అత్తగారు ఇంకా కిటికీ దగ్గరే ఉన్నారు. మా మాటలు వినబడ్డాయో లేదో తెలియదు.

మర్నాడు ఆవిడ స్నానం చేశాక బకెట్ ఎత్తి కాలవలో పోశారు. ఆ మర్నాడూ అంతే. నాలుగు రోజుల్లో కిటికీ ఎదురుగా ఉన్న ముక్క కూడా మిగతా దాని రంగులోకి వచ్చేసింది.

వారం తర్వాత నేను పని నుంచి వచ్చేసరికి ఆవిడ ముందుగదిలో బల్ల మీద గళ్ళ కాగితం పరుచుకుని కూర్చున్నారు. "గడ్డి - అత్తయ్యది" అన్న మాటలు రబ్బరుతో చెరిపేశారు. సరిగ్గా చెరక్క మసకగా కనబడుతూనే ఉన్నాయి.

"కూర్చో" అన్నారు. కూర్చున్నాను. "వావిలి గోడ పక్కన పెట్టారేం?"

"మేడమ్ రాసిందండీ. పదకొండింటి దాకా ఎండ ఉంటుంది కదాని."

"ఆ తర్వాత ట్యాంకు నీడే. దానికి చాలదు. గేటు దగ్గర పెట్టు. తంగేడూ అటే. గోడ పక్కకి అడ్డసరం వెయ్యి, అది నీడకి ఏడవదు."

"ఇవన్నీ మీకెలా తెలుసండీ?"

"మా నాన్న పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. మందాకులు కోసుకురావడానికి నన్నే పంపేవాడు. మా అన్నకి ఏ ఆకు చూసినా ఒకటే."

వాళ్ళ నాన్న ఏం చేసేవారో నేను ఇరవై రెండేళ్ళలో అడగలేదు. ఆవిడ చెబుతుంటే చెరుపుతూ, మళ్ళీ రాస్తూ కూర్చున్నాను. వట్టివేరు నీళ్ళు జారే చోట పెట్టమన్నారు. శంఖుపువ్వు కంచె మీదికి పాకించమన్నారు. చీకటి పడి లైటు వేసుకున్నాం. గడ్డి పోయిన చోటు మధ్యలో ఖాళీగా మిగిలింది.

"ఇక్కడేం పెడదాం?" అని అడిగాను.

"ఆవిడేమంది?"

"పెద్ద చెట్టు కావాలంటే పొగడ పెట్టుకోమంది. కాకపోతే పూతకి ఏడెనిమిదేళ్ళు పడుతుందట."

"పట్టనీ. నీకేం, అప్పటికి రిటైరై ఖాళీగానే ఉంటావు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వారు. పై వరసలో కుడివైపు మూడో పన్ను కొంచెం పక్కకి తిరిగి ఉందని అప్పుడు చూశాను. ఏడేళ్ళ కిందట నేను అమర్చిన పన్ను. నా పనిలో అలాంటి తప్పు దూరం నుంచే పట్టేస్తాను. ఇన్నాళ్ళూ పట్టలేదంటే, ఆవిడ నా ఎదుట ఒక్కసారి కూడా నోరారా నవ్వలేదన్నమాట.

"అత్తయ్యా, ఆ పన్ను వంకరగా ఉంది. ఒక్కరోజు ఇస్తే సరిచేసి తెస్తాను."

"అయితే తొందరగా చెయ్యి. వానలు పడగానే పెద్దదాని దగ్గరికి వెళ్ళిపోతున్నాను. ఫోన్ చేసి చెప్పాను దానికి."

పెద్దదంటే మా వదిన, ఆవిడ కూతురు.

"ఎన్నాళ్ళకండీ?"

"దాని ఇల్లు పెద్దదే. ఒక గది నాకిస్తానంది."

నేనడిగిన దానికి అదే జవాబు. ఆ గడ్డి ఉన్నన్నాళ్ళూ ఆవిడ కొడుకు కోసం ఎదురుచూశారు. ఎదురుచూడ్డానికి ఆవిడకి ఈ ఇల్లు కావలసివచ్చింది. ఇప్పుడు ఆ అవసరం తీరిపోయింది. గడ్డి పోవాలని వేసవంతా కోరుకున్నది నేనే.

ఉండండి అన్న మాట నోటిదాకా వచ్చింది. కొడుకు లేని ఇంట్లో అత్తగారిని ఏ వరస పెట్టి ఉండమనాలో తెలియలేదు. "మీ మందులు ఎన్నాళ్ళకి సరిపోతాయో చూస్తాను" అని లేచాను.

మర్నాడు పొద్దున్న ఆవిడ పళ్ళసెట్టు కడిగి నా అరచేతిలో పెట్టారు. బుగ్గలు లోపలికి పోయి మొహం చిన్నదైపోయింది. ల్యాబులో మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు అదే పట్టుకున్నాను. పన్ను తిప్పడం గంట పని. చిగుళ్ళ అంచులు సానపట్టి, మళ్ళీ సానపట్టి, మధ్యాహ్నం దాకా దాంతోనే కూర్చున్నాను. సాయంత్రం తెచ్చి ఇస్తే పెట్టుకుని, నాలుకతో తడిమి చూసుకుని, "ఇప్పుడు గుచ్చుకోవట్లేదు" అన్నారు. ఏడేళ్ళుగా గుచ్చుకుంటోందని అలా తెలిసింది.

గురువారం మొదటి వాన పడింది. శుక్రవారం ఒక పనివాణ్ణి పెట్టి ఎండు గడ్డంతా తవ్వించేశాను. శనివారం వదిన కారు వేసుకుని వచ్చింది. ముసురుగా ఉంది. తవ్విన మట్టిలో జాగ్రత్తగా అడుగులు వేస్తూ, "ఇదేంటి, ఇల్లేమన్నా కూలుస్తున్నావా?" అంది.

"మొక్కలు వేస్తున్నాం వదినా."

"ఒక్కదానివే ఏం చేసుకుంటావు ఇన్ని మొక్కలు?" వదిన మంచిదే. నోటికి వచ్చింది అనేస్తుంది, అంతే.

రెండు సంచులు, ఒక పెట్టె. అంతే ఆవిడ సామాను. కారెక్కాక అద్దం దించారు. ఏదో చెబుతారని దగ్గరికి వెళ్ళాను. "పాల ప్యాకెట్ ఒకటి తగ్గించమని చెప్పు" అన్నారు. సరేనన్నాను. వానకి తడుస్తున్నానని అద్దం ఎత్తేశారు.

ఆదివారం కాగితం మేడమ్ ట్రాలీ ఆటోలో మొక్కలు తెచ్చింది. నీడలు రాసిందీ, చోట్లు మార్పించిందీ మా అత్తగారేనని నా దగ్గర విని, గోతులు ఎలా తీయాలో చూపించి, మొదటి రెండూ తానే నాటి, "ఆ నీడలు రాసినావిడ ఏరీ?" అని అడిగింది.

"ఊరెళ్ళారండీ."

"వచ్చాక చెప్పండి, వావిలి చోటు మార్చి మంచిపని చేశారని. నేను పొరబడ్డాను."

మిగతావి నేనే నాటాను. వాన ఆగుతూ, పడుతూ ఉంది. గోతిలో మొక్క నిలబెట్టి ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మట్టి లాగుతుంటే మొక్క పక్కకి ఒరిగేది. సరిచేసి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. అన్నీ అయ్యేసరికి వెలుతురు పోయింది. లేచి నిలబడి చూస్తే, పుల్లల్లాంటి పదిహేను మొక్కలు, బురద, గేటు.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయంటే ఏం చెప్పను. ఒక్క మనిషికి వండడం చేతకాక రోజూ రెండో మనిషి తిండి మిగిలేది. పాల ప్యాకెట్ తగ్గించమని చెప్పడం మర్చిపోయి, పాలు విరిగి పారబోశాను. పని నుంచి వచ్చి గేటు తీసినప్పుడు లోపల ఎవరో లేచి వెళ్ళే చప్పుడు కోసం నా చెవి దానంతటదే ఎదురుచూసేది. ఇంతకాలం ఆవిడ నన్ను తప్పించుకుంటున్నారనుకున్నాను. ఆ చప్పుడు లేకపోయాక, నాకు చోటివ్వడానికి లేచి వెళ్ళేవారేమో అనిపించింది. ఇప్పుడు ఎవరినడగను. ల్యాబులో మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. అక్కడ నేను జోకులేసే మనిషిని.

మూడో ఆదివారం సాయంత్రం, వదిన నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అత్తగారు.

"మొక్కలు?" అన్నారు, పలకరింపు లేకుండా.

"నాటానండీ. రెండు పోయాయి. మిగతావి బాగున్నాయి."

"పొగడ?"

"దాని పాతాకులన్నీ రాలాయి. భయపడ్డాను. ఇప్పుడు కొత్తవి వస్తున్నాయి."

"ఎన్ని?"

ఫోను చెవికి ఆనించుకునే మెట్లు దిగి, పొగడ దగ్గర వంగి లెక్కపెట్టాను. "పదకొండు."

"పదకొండా" అన్నారు. వెనక టీవీ మోగుతోంది, ఎవరో భోజనానికి పిలుస్తున్నారు. "సరే. వచ్చే ఆదివారం చేస్తాను" అని పెట్టేశారు.

నేను అక్కడే కూర్చుండిపోయాను. చెయ్యడానికి వేరే పనేమీ లేక ఆకులు మళ్ళీ లెక్కపెట్టాను. పన్నెండున్నాయి. కాండానికి అటువైపు, గోరంతది, ఇంకా మడత విప్పుకోలేదు.

ఒక ఆకు కోసం ఫోన్ చేసే చనువు మా మధ్య ఎప్పుడూ లేదు. ఆదివారం దాకా ఆగుదామనుకుని లేచి లోపలికి వెళ్ళాను. గిన్నెలు కడిగాను. తువ్వాలు మడతపెట్టాను. మళ్ళీ బయటికి వచ్చి ఫోన్ చేశాను. వదిన ఎత్తింది.

"ఏమైంది? ఇప్పుడే కదా మాట్లాడారు" అంది కంగారుగా.

"ఏం కాలేదు వదినా. అత్తయ్యకి ఒక మాట చెప్పాలి, అంతే."

ఫోను చేతులు మారిన చప్పుడైంది. "ఊఁ" అన్నారు అత్తగారు.

"పన్నెండండీ. ఒకటి వెనకవైపు ఉంది."

అటువైపు ఎవరో టీవీ గొంతు తగ్గించారు.

"వెనకవైపు చూడలేదా ముందే?" అన్నారు.

"చూడలేదండీ" అన్నాను.